పోలయ్య ప్లాటినం

మూడు రోజుల మూత్రం డబ్బాలో పట్టి ఇవ్వాలని నేను అడిగినప్పుడు సూరాడ పోలయ్య కాసేపు నా ముఖంలోకి చూసి, "నాకాడ పట్టుకెల్లడానికి మీకు ఇంకేటీ దొరకనేదా మేడమ్" అన్నాడు. పక్కన కూర్చున్న ఆయన భార్య నరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ వార్డులో నవ్వు వినడం నాకు అదే మొదటిసారి.

అది విశాఖపట్నంలో ఒక క్యాన్సర్ ఆసుపత్రి. నా పేరు ఇందిర, రసాయన శాస్త్రవేత్తను. నగరం చివర కొండ పక్కన, రేకుల కప్పు కింద మా ప్రయోగశాల ఉంది. చెత్తలోంచి, మురుగులోంచి విలువైన లోహాలను వెనక్కి రాబట్టడం మా పని. పాత ఫోన్లలో బంగారం, కార్ల పొగగొట్టాల్లో పల్లాడియం, ఇలాంటివి. ఆ ఏడాది క్యాన్సర్ ఆసుపత్రుల మురుగు మీద పడ్డాం. క్యాన్సర్‌కు వాడే మందుల్లో ఒకటి ప్లాటినంతో చేసిందే. సెలైన్‌లో కలిసి ఒంట్లోకి వెళ్తుంది, గడ్డను దెబ్బతీస్తుంది, చాలా భాగం మూడు రోజుల్లో మూత్రంలో బయటికి వచ్చేస్తుంది. అక్కణ్ణుంచి కాలువలోకి, కాలువలోంచి సముద్రంలోకి. దాన్ని దారిలోనే పట్టుకోవాలని మా ప్రయత్నం. రొయ్యల ఫ్యాక్టరీలు పారబోసే పొట్టుతో సగ్గుబియ్యం గింజలంత పూసలు చేశాం. వాటిని గాజు గొట్టంలో నింపి, పైనుంచి ఆ నీళ్లు పోస్తే ప్లాటినం పూసలకు అంటుకుంటుంది.

పోలయ్యకు యాభై మూడేళ్లు. ఫిషింగ్ హార్బర్‌లో మరపడవల ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ. ముప్పై ఏళ్లు గాలాడని ఇంజను గదుల్లో పొగ పీల్చాడు. ఊపిరితిత్తిలో గడ్డ వచ్చింది. మూడేసి వారాల ఎడంతో నాలుగు డోసులు ఎక్కించాలని డాక్టర్ కరుణాకర్ నిర్ణయించాడు. మొదటి డోసు ఎక్కిన రోజే నేను డబ్బా పట్టుకుని వెళ్లాను.

నవ్వడం అయ్యాక పోలయ్య, "పారబోసీదే గదా, పట్టుకెల్లండి" అన్నాడు.

అలా ఎనిమిది మంది ఒప్పుకున్నారు. ఎనిమిది డబ్బాలకూ అంకెలు వేసి, విడివిడిగా ఎనిమిది గొట్టాల్లో పోశాం. తెల్లటి పూసలు లేత పసుపుకు తిరిగాయి. ఆపైన వాటిని కాల్చి, బూడిదలోంచి లోహం తీసి, ముద్ద చేసి పంపించేస్తే మా పని అయిపోయేది.

కాల్చకుండా ఆపింది షఫీ. మా టెక్నీషియన్. పద్దెనిమిదేళ్లుగా నాతో ఉన్నాడు, చేతి నేర్పులో నాకన్నా నాలుగాకులు ఎక్కువ. "ప్లాటినం ఎలాగూ ఉత్ప్రేరకమే కదా మేడమ్. ఒకసారి ఈ పూసల్ని ఇలాగే దేంట్లోనన్నా వేసి చూద్దాం" అన్నాడు. ఉత్ప్రేరకమంటే తాను ఖర్చు కాకుండా రెండు పదార్థాల మధ్య పని నడిపించేది. ఫ్యాక్టరీల్లో సగం రసాయనాలు అలాంటి లోహాల పుణ్యాన తయారయ్యేవే. నేను సరేనన్నాను. షఫీ అలమారలోంచి, ఐదేళ్ల కిందట నేను విసిగి వదిలేసిన సీసా తీశాడు.

ఆ సీసా గురించి చెప్పాలి. ప్లాటినం మందు గడ్డతోపాటు చెవినీ కొడుతుంది. లోపలి చెవిలో ధ్వనిని పట్టుకునే సన్నటి కేశాల్లాంటి కణాలుంటాయి. అవి ఒకసారి చస్తే మళ్లీ మొలవవు. ముందు సన్నటి శబ్దాలు పోతాయి, తర్వాత మాటలు. పిల్లల్లో ఈ నష్టం మరీ ఎక్కువ. దీన్ని ఆపే మందు ఒకటి అప్పటికే ఉంది, పరీక్షలన్నీ దాటింది. కానీ పరీక్షలకు సరిపడా చుక్కలు తప్ప ఎక్కువ తయారు చేయడం ఎవరికీ రాలేదు. ఆఖరి మెట్టులో ఆ మందు కుడిచేతి తొడుగూ ఎడమచేతి తొడుగూ లాగా రెండు రూపాల్లో వస్తుంది. ఒకటి చెవిని కాస్తుంది, రెండోది మూత్రపిండాలను పాడుచేస్తుంది. వాటిని విడదీయలేక మూడేళ్లు కొట్టుకుని, ఆ మెట్టుకు ముందరి ద్రవాన్ని సీసాలో పెట్టేసి నేను ఆ పని వదిలేశాను.

షఫీ ఎనిమిది ఫ్లాస్కుల్లో ఆ ద్రవం పోసి, ఎనిమిది రకాల పూసలు వేసి, హైడ్రోజన్ పంపాడు. ఏడు ఫ్లాస్కుల్లో చలనం లేదు. ఐదో ఫ్లాస్కు వెచ్చబడింది. అందులో హైడ్రోజన్‌ను కొలిచే గ్యాసు ముల్లు మా కళ్లముందే జారిపోవడం మొదలుపెట్టింది. ఎక్కడో లీకవుతోందనుకుని షఫీ గొట్టాలన్నిటికీ సబ్బు నురగ రాసి చూశాడు. లీకు లేదు, గ్యాసు పనిలోనే ఖర్చవుతోంది. నా చేతిలో టీ చల్లారకముందే, నలభై గంటలు పట్టే మెట్టు పూర్తయిపోయింది. పరీక్షించి చూస్తే దాదాపు అంతా మంచి రూపమే. ఆ వారంలో మరో మూడుసార్లు చేశాం. మూడుసార్లూ అంతే.

ఐదో నంబరు పోలయ్యది.

మాకు అర్థమైనది కొంత, కానిది కొంత. మామూలుగా లోహం ముద్దగా ఉంటుంది, పైపైన ఉన్న పరమాణువులే పని చేస్తాయి. మనిషి ఒంట్లోంచి వచ్చిన ప్లాటినం ఒక్కో పరమాణువుగా విడిపోయి వస్తుంది, రొయ్యపొట్టు ఒక్కోదాన్ని ఒక్కోచోట పట్టుకుంటుంది. కానీ అది ఎనిమిది మంది విషయంలోనూ నిజమే. పోలయ్య విషయంలో ప్లాటినం పక్కన ఇంకేదో చేరి దాన్ని ఉసిగొల్పుతోంది. ఆ ఇంకేదో ఏమిటో తెలియలేదు. పరికరాలకు అందనంత తక్కువ ఉంది.

రెండో డోసు డబ్బా కూడా తెచ్చుకున్నాక, కృతజ్ఞత చెబుదామని హార్బర్‌కు వెళ్లాను. జట్టీకి కట్టిన పడవలో, ఇంజను పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు పోలయ్య. జుట్టు రాలి తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. ఆయన ప్లాటినం ఏం చేసిందో వీలైనంత సులువుగా చెప్పాను. కాస్త ఆలోచించాడు.

"పెద్దవల లాగినట్టు అన్నమాట. పదిమందీ ఒక్కకాడే గుంపుగా తాడట్టుకుంటే లాగీది ఇద్దరే, మిగతావోలు ఊరికే పట్టుకుంటారు. తాడు పొడుగునా ఎవులికాలు ఎడంగా నిలబడితే అందరూ లాగుతారు. అంతేనా?"

అంతే. ఆ తర్వాత నేను ఎన్నో సదస్సుల్లో ఆ మాటనే నా మాటగా వాడుకున్నాను.

అప్పుడు పడవ యజమాని ఇంజను స్టార్ట్ చేశాడు. పోలయ్య చెవి ఒగ్గి, కళ్లు మూసుకున్నాడు. ఎంతోసేపు అలాగే ఉన్నాడు. నాకు ఒకటే మోత. ఆయన కళ్లు తెరిచి, "ఈ మోత మీద టిక్కుటిక్కుమని సన్నగా ఒకటి కొట్టుకోవాలి మేడమ్. వాల్వు సప్పుడు. దాన్నిబట్టే నాకు అన్నీ తెలుస్తాయి. మొన్నటిదాకా ఇనిపించీది" అన్నాడు. "ఇప్పుడు నేదు."

సన్నటి శబ్దాలు పోవడం మొదలైందన్నమాట.

ఆ వారమే చెవిమందు తయారైంది. దాని అసలు పేరు పలకడం కష్టమని షఫీ చెవిమందు అన్నాడు, అదే నిలిచింది. ప్లాటినం ఖర్చు కాకపోయినా, కొన్ని వాడకాలకే పూసలు అరిగి అది ముద్దకట్టి పని మానేస్తుంది. పోలయ్య రెండు డోసుల పూసల్లో సగం మా పరీక్షలకే అరిగిపోగా, మిగిలినవాటితో ఒక చిన్న సీసా వచ్చింది. పెద్దవాళ్లకైతే ఒక డోసు. అనుమతుల కమిటీకి డాక్టర్ కరుణాకర్ స్వయంగా వెళ్లి సంతకాలు తెచ్చాడు. మూడో డోసు నాడు పోలయ్యకు ఇవ్వాలి. ఆయన ప్లాటినంతో చేసిన మందు ఆయన చెవులనే కాపాడుతుందని నేనూ షఫీ పొంగిపోయాం.

ఇవ్వడానికి రెండు రోజుల ముందు షఫీ, పూసలు పనిచేస్తున్న ఫ్లాస్కులో తయారైన చెవిమందు ఒక్క చుక్క వేశాడు. మామూలు జాగ్రత్త కోసం చేసే పరీక్ష. గ్యాసు ముల్లు అక్కడికక్కడ ఆగిపోయింది. మళ్లీ కదల్లేదు.

చెవిమందులో గంధకం ఉంది. ఫ్లాస్కులో తయారవుతున్నంతసేపూ అది మూసి ఉంటుంది, బయటికి తీసి కడిగాకే తెరుచుకుంటుంది. ప్లాటినాన్ని గట్టిగా పట్టేసి చెవి మీదికి పోనీయకుండా ఆపేది అదే. అదే పట్టు పూసల మీద కూడా. అంటే ఈ మందు తీసుకున్న మనిషి ఒంట్లోంచి వచ్చే ప్లాటినం చచ్చిన ప్లాటినం. దాంతో మళ్లీ మందు చేయలేం. పోలయ్య చెవులను కాపాడితే, ఈ లోకంలో మాకు తెలిసిన ఒకే ఒక్క చెవిమందు ఊట ఆగిపోతుంది.

ఆ రోజుల్లోనే దేవి వార్డుకు వచ్చింది. ముంచంగిపుట్టు పైన కొండల్లోంచి తల్లితో వచ్చిన ఐదేళ్ల పిల్ల. కాలేయంలో గడ్డ. ఆరు డోసుల ప్లాటినం. ఇంట్లో వాళ్ల భాష వేరు, తెలుగు అప్పుడప్పుడే పట్టుబడుతోంది. సెలైన్ స్టాండు, దుప్పటి, గోడమీది బల్లి, దేన్ని చూసినా వేలు చూపి "ఇదేటి?" అని, మూడో డోసుకు ముందుగానే వచ్చి పక్క మంచంలో చేరిన పోలయ్యను అడిగేది. ఆయన చెప్పేవాడు. ఆ పిల్ల తిరిగి అనేది. అలా రోజుకు పది మాటలు నేర్చుకునేది.

పోలయ్యకు మందు సంగతి చెప్పడానికి డాక్టర్ కరుణాకర్, నేను ఆయన మంచం దగ్గరికి వెళ్లాం. నరసమ్మ కూడా ఉంది. డాక్టర్ మందు గురించి చెప్పడం అయ్యాక పోలయ్య నాకేసి తిరిగి, "ఈ సీసా ఒక్కటేనా?" అన్నాడు.

"ఒక్కటే."

"ఆ గుంటకో?"

"పాపకి తర్వాత తయారైనప్పుడు ఇస్తాం" అన్నాడు డాక్టర్.

"దేంతోటి తయారుసేస్తారు?"

డాక్టర్ నావైపు చూశాడు. అబద్ధం చెప్పి ఉండవచ్చు. ఆయన కళ్లలోకి చూస్తూ చెప్పలేకపోయాను. గంధకం సంగతి, ఆగిపోయిన ముల్లు సంగతి, అన్నీ చెప్పాను. ఈ సీసా దేవికైతే రెండు డోసులకు వస్తుందని కూడా చెప్పాను.

"మరి నాను ఇది ఏయించుకోకపోతే? మూడోదీ నాలుగోదీ కూడా మీకే పట్టి ఇచ్చీస్తే?"

"ఒక్కో డోసుతో పాపకి రెండు వస్తాయి" అన్నాను. లెక్క ఆయనే వేసుకున్నాడు. సీసాతో రెండు, మూడో డోసుతో రెండు, నాలుగో డోసుతో రెండు. ఆరు.

"అలాంటి ఆలోచనే వద్దు పోలయ్యగారూ" అన్నాడు డాక్టర్. "మీరు నా పేషెంటు. నా చేతిలో మందు పెట్టుకుని మీ చెవులు పోనిస్తే నేను డాక్టర్ని కాను."

"నాను ముప్పయ్యేళ్లు ఇంజన్లు ఇన్నాను బాబూ. అది ఇంకా మాటలే నేర్సుకోనేదు. నాకొద్దనీ హక్కు నాకుందా, నేదా? అదొక్కటే సెప్పండి."

"ఉంది" అన్నాడు డాక్టర్.

అప్పటిదాకా ఊరుకున్న నరసమ్మ లేచింది. "నీకేటి, నువ్వు దరమం సేసీసి మూల కూకుంటావు. రేపు పడవలోలొచ్చి మేస్త్రీకి సెవుడంట అనీసి ఎల్లిపోతే? ఎండుసేప అమ్మి ఎంతకాలం నెగ్గుకొస్తాను? సరే, అదీ ఒగ్గీ. నాను పిలిస్తే పలికీవోడు నాకక్కర్నేదా?"

ఆమె చెప్పిందాంట్లో తప్పేమీ లేదు, పోలయ్యకూ ఆ సంగతి తెలుసు.

కమిటీ రెండుసార్లు కూర్చుంది. పోలయ్య రెండుసార్లూ అదే మాట చెప్పి వేలిముద్ర కాక సంతకమే చేశాడు, అక్షరం అక్షరం కూడబలుక్కుని. మొదటి సీసా దేవికి వెళ్లింది. పోలయ్యకు మూడో డోసు చెవిమందు లేకుండా ఉత్తిదే ఎక్కింది.

మర్నాడు మధ్యాహ్నం డబ్బా కోసం వెళ్తే, నరసమ్మ వరండాలో నేలమీద కూర్చుని ఉంది. పక్కన ఖాళీ డబ్బా.

"నానే పారబోసీసినాను" అంది, నేను అడక్కముందే. "ఆయన నిద్దరోతన్నాడు. ఆయన్నేటీ అనకండి."

నాకు కోపం రాలేదు. రావాలని కూడా అనిపించలేదు. ఆమె పక్కనే చతికిలబడ్డాను. ఇంతలో దేవి తల్లి అటుగా వచ్చింది. ఏం జరిగిందో ఆమెకు ఏమీ తెలియదు. నరసమ్మ ముఖం చూసి, లోపలికి వెళ్లి, తమ స్టీలు గ్లాసులో మంచినీళ్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, తెలుగు రాక ఊరికే ఎదురుగా నిలబడింది. నరసమ్మ సగం తాగింది. గ్లాసు తిరిగి ఇచ్చి నావైపు తిరిగింది.

"ఇప్పుడు ఎతికితే దొరుకుతాదా తల్లీ?"

ఆసుపత్రి నీళ్లన్నీ వెనకాల ఒక తొట్టిలో పడతాయి. వెంటనే దాని వాల్వు మూయించి, షఫీకి ఫోన్ చేసి రమ్మన్నాను. ఆ తొట్టిలో ఫినాయిలు, సబ్బు నీళ్లు, వార్డంతటి మురికి కలిసి ఉంది. అందులో ఎక్కడో పోలయ్య రెండు పూటల ప్లాటినం. మూడు రోజులు ఆ తొట్టి దగ్గరే ఉన్నాం. షఫీ వడకట్టేవాడు, నేను పూసల గొట్టాలు మార్చేదాన్ని. నరసమ్మ చీర ఎగదోపి, తొట్టిలోంచి బిందెలతో తోడి పోసేది. వద్దని ఎంత చెప్పినా వినలేదు. చేతి తొడుగులు, ముక్కుగుడ్డ మాత్రం వేసుకుంది. "ఎండుసేపల సావిట్లో పుట్టినదాన్ని. ఇదొక కంపేటి" అంది. నేను రెండుసార్లు పక్కకెళ్లి వాంతి చేసుకున్నాను. ఆమె ముక్కు కూడా చిట్లించలేదు.

తేరినది సగమే. రెండు డోసులకు బదులు ఒక డోసు చెవిమందు వచ్చింది.

నాలుగో డోసప్పుడు మేం వెళ్లాల్సిన అవసరం రాలేదు. నరసమ్మే డబ్బాను తువ్వాలులో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని, ఊరి ఆ చివరినుంచి ఈ చివరికి మూడు రోజులు తెచ్చి ఇచ్చింది. దాంతో రెండు డోసులు. దేవికి ఆరింటిలో ఐదు అందాయి. ఆరోది మందు లేకుండానే గడిచింది.

పోలయ్య గడ్డ కరిగింది. చెవులు పోయాయి. ఒక్కసారిగా కాదు. పక్షుల కూతలు, గిన్నెల చప్పుడు, ఫోను మోత, తర్వాత ఆడవాళ్ల గొంతులు, ఆఖరికి మగవాళ్ల గొంతులు. ఆరు నెలలకు ఉరుము తప్ప ఏదీ వినబడని స్థితికి వచ్చాడు. హార్బర్‌లో సగం పడవలవాళ్లు వేరే మేస్త్రీలను చూసుకున్నారు. మిగిలిన సగం ఉండిపోయారు. ఇంజను మీద అరచేయి ఆనించి అదురును బట్టి జబ్బు చెప్పడం ఆయన నేర్చుకున్నాడు. ఒకోసారి తప్పేది. తప్పినప్పుడు విప్పి, మళ్లీ చూసి, మళ్లీ బిగించేవాడు. ఇదివరకు అరగంటలో అయ్యే పనికి పూట పట్టేది.

ఇంట్లో ఎలా ఉందని నరసమ్మను ఒకసారి అడిగాను. "ఇదివరకు సందు సివర్నుంచి ఒక్క కేక ఏస్తే ఒచ్చీవోడు" అంది. "ఇప్పుడు ఏ మాటకైనా దగ్గిరికెల్లి, బుజం తట్టి, మొకంలో మొకం ఎట్టి సెప్పాల. పెల్లైన కొత్తల్లో కూడా అంత దగ్గిరగా కూకోనేదు మేమిద్దరం." ఫిర్యాదు చేసే గొంతుతోనే చెప్పింది.

మా చిక్కు మాత్రం అలాగే ఉంది. పోలయ్య డోసులు అయిపోయాయి, ఊట ఎండిపోయింది. ఇంకేదో అన్న ఆ రెండో పదార్థం మాకు అంతుపట్టలేదు. ఏడెనిమిది నెలలు నానా లోహాలూ వేసి చూశాం. ఒకరోజు పోలయ్య నరసమ్మను వెంటబెట్టుకుని మా రేకుల షెడ్డుకు వచ్చాడు. చేతిసంచిలోంచి ఆరు కాగితం పొట్లాలు తీసి బల్లమీద వరసగా పెట్టాడు. ఒక్కోదానిమీద ఒక్కో పడవ పేరు రాసి ఉంది. లోపల నల్లటి మసి.

"మీకు కావలసినది నా ఒంట్లో ఉందంటన్నారు. అది నాకాడికి ఎక్కణ్నుంచొచ్చింది? ఈ పొగ్గొట్టాల్లోంచే గదా" అన్నాడు, చెవిటివాళ్లు మాట్లాడినట్టు కాస్త గట్టిగా. "నాను ఎక్కువకాలం పనిసేసిన పడవలు ఇవి. గోకి తెచ్చినాను."

షఫీ, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇన్ని డిగ్రీలు పెట్టుకుని మేం వెతికింది ఆయన రక్తంలో. రక్తంలోకి ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది ఆయనకు తట్టింది.

నాలుగో పొట్లం ఒక పాత ట్రాలర్‌ది. డీజిలు కాక చవక ముతక నూనెతో నడిచే ఇంజను. దాని మసిని నానబెట్టిన నీళ్లు వేరే రోగి పూసల మీద చల్లితే గ్యాసు ముల్లు జారింది. ఆ మసిలో ఉన్నది వనేడియం. ముతక నూనెలో ఉండే లోహమే, పొగతోపాటు ముప్పై ఏళ్లు ఆయన ఎముకల్లో పేరుకుంది. ఆయనకు గడ్డ తెచ్చిన పొగా అదే అయి ఉంటుందని డాక్టర్ కరుణాకర్ అన్నాడు. అవునో కాదో రుజువు చేయలేం. ఆ మాట నేను పోలయ్యకు కాగితం మీద రాసి చూపించాను. చదివి, తల పంకించి, "అయితే మసి ఇంకా కావాలా?" అని అడిగాడు.

అక్కర్లేకపోయింది. వనేడియం సీసాలో దొరుకుతుంది. ఎవరి ప్లాటినానికైనా దాన్ని చిటికెడు చేర్చితే చాలు. గంధకం పట్టిన ప్లాటినాన్ని ఓజోన్‌తో కడిగి బతికించడం ఆ తర్వాతి ఏడాది షఫీ కనిపెట్టాడు. ఇప్పుడు ఆ ఆసుపత్రిలో ప్లాటినం ఎక్కించుకునే ప్రతి ఒక్కరికీ చెవిమందు అందుతోంది, ఆసుపత్రి మురుగులోంచే. ఇంకెవరూ పోలయ్యలా ఎంచుకోనవసరం లేదు. ఎంచుకున్న మనిషి ఆయన ఒక్కడే.

దేవి ఆఖరి చెవి పరీక్షకు వచ్చినప్పుడు దానికి ఏడేళ్లు. జుట్టు ఒత్తుగా పెరిగి, రెండు జడలు వేసుకుని వచ్చింది. డాక్టర్ పోలయ్యకు కబురు పంపితే నరసమ్మతో సహా వచ్చాడు. చప్పుడు చొరబడని చిన్న గాజుగదిలో పిల్లను కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. బయట బల్లమీద యంత్రం. శబ్దం పంపినప్పుడల్లా దానిమీద ఎర్ర దీపం వెలుగుతుంది. పిల్లకు వినబడితే చెయ్యెత్తాలి.

పోలయ్య కుర్చీ లాక్కుని యంత్రం పక్కనే కూర్చున్నాడు. దీపం వెలగడం, గాజు అవతల చెయ్యి లేవడం, మళ్లీ దీపం, మళ్లీ చెయ్యి. ఆయన తల దీపానికీ పిల్లకీ మధ్య తిరుగుతూనే ఉంది. కుడి చెవి పూర్తయింది. ఒక్కటీ తప్పలేదు. ఎడమ చెవి చివరికొచ్చేసరికి దీపం వెలిగింది, చెయ్యి లేవలేదు. మళ్లీ వెలిగించారు. లేవలేదు. పోలయ్య గభాలున నావైపు తిరిగాడు.

నేను కాగితం తీసుకుని రాశాను: 'ఎడమ చెవిలో అన్నిటికన్నా సన్నటి శబ్దం ఒక్కటి పోయింది. మిగతావన్నీ బాగున్నాయి.'

కూడబలుక్కుని చదివాడు. "అది దేని సప్పుడు?"

ఆలోచించి, 'కీచురాయి' అని రాశాను.

"ఆల్ల కొండల్లో కీసురాల్లు లచ్చ ఉంటాయి" అన్నాడు. "కుడి సెవితో ఇంటాది."

గది తలుపు తెరవగానే దేవి పరిగెత్తుకొచ్చి ఆయన మోకాళ్లకు చుట్టుకుంది. వెంటనే చెప్పడం మొదలుపెట్టింది. బస్సులో ఎవరికో వాంతి అయిందట, ఘాట్ రోడ్డు మీద కోతులు బస్సెక్కాయట, వాళ్ల బళ్లో టీచరు దీనిచేత పద్యం చెప్పించిందట, చెల్లెలు పుట్టిందట, చెల్లెలికి పళ్లు లేవట. పోలయ్య వంగి, చేతులు మోకాళ్లమీద పెట్టుకుని, దాని పెదాలకేసి చూస్తూ తల ఊపుతున్నాడు.

దేవి తల్లికి ఇప్పుడు కాస్త తెలుగు వచ్చింది. పిల్ల భుజం పట్టుకుని, "తాతకి వినబడదే, చాల్లే" అంది.

పోలయ్య ఆమె చేతిని మెల్లగా తప్పించాడు. "తెలుసమ్మా" అన్నాడు. "ఆపకు, సెప్పనీ."